ఆది జాకెట్టు నేర్పిన పాఠం

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఓ దిండు గలీబు ఉండేది. తెల్లగుడ్డ మీద ఓ మూల నెమలి. తల కుట్టింది, మెడ కుట్టింది, ఒక రెక్క కూడా కుట్టింది. పింఛం ఉండాల్సిన చోట మాత్రం పెన్సిలు గీతలే! నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను, ఆ నెమలికి పింఛం రాలేదు. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడల్లా అమ్మ దాన్ని బయటికి తీసేది. 'ఈసారైనా పూర్తిచెయ్యాలి' అనుకునేది. మళ్లీ మడతపెట్టి అడుగున పెట్టేసేది.

చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావట్లేదు. ఎందుకంటే అలాంటి పెట్టె నా కంప్యూటర్లోనూ ఒకటి ఉంది. అందులో సగం సగం చేసి వదిలేసిన ప్రోగ్రాములు ఏడు! పాలలెక్క రాసుకునేది ఒకటి, పిల్లలకి ఎక్కాలు నేర్పేది ఒకటి, పచ్చళ్ల కొలతలది ఒకటి... ఒక్కటీ ఇంకొకరి చేతికి వెళ్లలేదు.

ఎనిమిదోది మాత్రం వెళ్లింది. అదెలా జరిగిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ. కంప్యూటరు పని మాకేం తెలుసు అనుకోకండి. సగంలో ఆగిపోయిన అల్లికైనా, ప్రైవేటుగా కడదామనుకున్న డిగ్రీ అయినా, మొదలెట్టిన చిన్న వ్యాపారమైనా కథ ఒకటే.

మొదలుపెట్టడంలో నేనే ఫస్టు

నేను ఎంసీయే చదివాను. హైదరాబాదులో ఐదేళ్లు ఉద్యోగం చేశాను. 2010లో బాబు పుట్టాక మానేశాను. మా ఆయనకి రాజమండ్రి బదిలీ అయ్యింది, ఇక్కడే స్థిరపడ్డాం. పిల్లలు కాస్త ఎదిగాక, మధ్యాహ్నాలు ఖాళీ దొరకడం మొదలయ్యాక, మళ్లీ ప్రోగ్రాములు రాయాలనిపించింది. ఉద్యోగం కోసం కాదు. ఆ చదువు పూర్తిగా తుప్పుపట్టిపోకుండా ఉండాలని.

తీరా చూస్తే లోకం మారిపోయింది. మా రోజుల్లో జావా వస్తే చాలు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనుకి ఏదైనా రాయాలంటే కోట్లిన్ అంటున్నారు. నేను ఉద్యోగం మానేసేనాటికి ఆ పేరే ఎవరికీ తెలియదు. అది 2011లో బయటికొచ్చింది. 2017లో గూగుల్ వాళ్లు ఆండ్రాయిడ్‌కి దాన్ని ఖాయం చేశారు. సరే, అదీ నేర్చుకున్నాను. నేర్చుకోవడంలో నాకు బద్ధకం లేదు. మొదలుపెట్టడంలో అసలే లేదు!

2023 దసరాకి కొత్త ఆలోచన వచ్చింది. మా వీధి చివర టైలరక్క ఉంది. జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లల చదువూ ఆ మిషను మీదే. ఆవిడ దగ్గర ఓ లావుపాటి కొలతల పుస్తకం ఉంది. ఎనిమిదేళ్లనుంచి వచ్చినవాళ్లందరి కొలతలూ అందులోనే. అదంతా ఫోన్లో ఉంటే ఎంత హాయి! పేరు కొట్టగానే కొలతలొచ్చేస్తాయి. 'అక్కా, మీకో యాప్ చేసి పెడతాను' అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. 'దేవుడిలా వచ్చావు చెల్లెమ్మా' అంది.

ఇక చూడండి నా హడావుడి! కొలతలొక్కటే అయితే ఏం బావుంటుంది? బిల్లు కూడా ఉండాలి. బాకీలుండాలి. మెడ డిజైన్ల బొమ్మలుండాలి. జాకెట్టు తయారవగానే ఖాతాదారుకి మెసేజీ వెళ్లాలి. తాళం ఉండాలి. రంగులు మార్చుకునే వీలుండాలి. ఆ రంగులు ఎంచడానికే నాకు పదిహేను రోజులు పట్టిందంటే నమ్ముతారా?

పైగా ఆ మధ్య మా ఆడపడుచుగారింట్లో గృహప్రవేశమైతే అక్కడ కనిపించినవాళ్లందరికీ చెప్పాను. 'అబ్బో! ఇంట్లో కూర్చుని యాప్ చేస్తోందిట' అని అందరూ మెచ్చుకున్నారు. మా పెద్దాడపడుచు పదిమందిలో పేరుపెట్టి పొగిడింది కూడా. ఇంటికి తేలిపోతూ వచ్చాను. చిత్రం ఏమిటంటే, ఆ తర్వాత రెండువారాలు లాప్‌టాప్ తెరవలేదు!

ఇదేం జబ్బో అప్పుడు నాకు తెలియలేదు. న్యూయార్క్ యూనివర్సిటీలో పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివారు 2009లో దీనిమీదే కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. 'నేను ఫలానా అవుతాను, అందుకు ఇంత కష్టపడతాను' అని విద్యార్థులచేత రాయించారు. ఆ రాసింది మరొకరు చదివి గమనించారని తెలిసినవాళ్లు, ఎవరూ గమనించనివాళ్లకన్నా తక్కువసేపు పనిచేశారట. పని చేయకముందే చేసినంత తృప్తి కలిగిపోతుందన్నమాట. పొగడ్త కడుపు నింపేసింది, ఇక వంటెందుకు?

2024 సంక్రాంతి వచ్చింది. పిండివంటలు, చుట్టాలు. ఆ తర్వాత పిల్లల పరీక్షలు. యాప్ ట్రంకుపెట్టె అడుక్కి వెళ్లిపోయింది.

తడిసిన పుస్తకం

ఆ ఏడాది వానాకాలంలో ఓ రాత్రి కుండపోతగా కురిసింది. టైలరక్క షాపుకి పైన రేకులే. ఎక్కడో చిల్లు పడి నీళ్లు సరిగ్గా బల్ల మీదికే కారాయి. పొద్దున్న షట్టరు తీసేసరికి కొలతల పుస్తకం ముద్దయి ఉంది. ఇంకుపెన్నుతో రాసినవన్నీ నీలంగా కరిగిపోయాయి.

అప్పటికే చేతిలో ఓ పెళ్లివారి జాకెట్లున్నాయి. పెళ్లికూతురు ఊళ్లో లేదు, మళ్లీ కొలతలు తీసుకునే వీలు లేదు. ఆది జాకెట్టు కూడా వెనక్కి ఇచ్చేసింది. గుర్తున్న అంకెలతో కుట్టింది. చంక దగ్గర పట్టేసింది. పట్టు గుడ్డ, మగ్గం పని చేసినది. విప్పి కుట్టడానికి లోపల గుడ్డ చాల్లేదు. వాళ్లు నోటికొచ్చినట్టు మాట్లాడారు. కొత్త గుడ్డకీ, పనికీ తన చేతినుంచే కట్టుకుంది ఆవిడ. పిల్లాడి కాలేజీ ఫీజుకి దాచిన డబ్బులవి.

ఈ సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత, ఫాల్ కుట్టించడానికి వెళ్లినప్పుడు తెలిసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. మిషను మీదనుంచి తలెత్తకుండానే, 'నువ్వేదో చేస్తానన్నావు కదా చెల్లెమ్మా, అదేమైంది?' అంది. అంతే.

నాకు నోట మాట రాలేదు. నేను రంగులు ఎంచుకుంటూ కూర్చోకుండా ఉంటే, ఉత్త పేర్లూ కొలతలూ పట్టే నాసిరకం యాప్ ఒకటి ఆవిడ ఫోన్లో ఉండి ఉంటే, ఆ డబ్బులు పోయేవి కావు. అప్పటిదాకా నా సగం పనులవల్ల నష్టపోయేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

ఆ రాత్రి అన్నాలు తింటుండగా మా అమ్మాయితో ఈ మాట చెప్పాను. ఇంటర్ చదువుతోంది, మాట సూటిగా ఉంటుంది. 'అమ్మా, నీకు చెయ్యడం రాక కాదు. నువ్వు మొదలుపెట్టినవాటిలో పూర్తయినది ఒక్కటి చెప్పు' అంది. మా అత్తయ్య 'ఊరుకోవే, తల్లితో అలాగేనా మాట్లాడేది?' అని కసిరారు గానీ, నేను మాత్రం లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ లేదు.

'ఆది ఏదీ?'

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని షాపుకే వెళ్లాను. చేసినంతవరకు చూపించాను. బిల్లు పేజీ, డిజైన్ల పేజీ, అన్నీ. ఆవిడ ఓపిగ్గా చూసింది. చివర్న ఓ మాటంది.

'ఇది ఎవరి కోసం కుట్టావు చెల్లెమ్మా?'

'అదేమిటక్కా, మీకోసమే.'

'మరి ఆది ఏదీ? నేను ఆది జాకెట్టు లేకుండా గుడ్డమీద కత్తెర పెట్టను. నువ్వు నన్ను ఒక్కరోజు కూడా చూడకుండా ఇంత కుట్టేశావే?'

నిజం చెప్పొద్దూ, ఐదేళ్ల ఉద్యోగంలో ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు నాకు. మనిషి కొలత లేకుండా కుట్టిన గుడ్డ అది. అందుకే ఎంత కుట్టినా పూర్తికాలేదు. ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు లేరు కదా!

ఆ రోజే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ అన్నీ సగంలో ఆపిందా? లేదు. పిన్ని కూతురు పుట్టినప్పుడు ఎనిమిది రోజుల్లో స్వెట్టరు అల్లేసింది. బారసాలకి అందాలి మరి! అక్క పెళ్లికి టేబులుగుడ్డ కుట్టింది. అవన్నీ పూర్తయ్యాయి. నెమలి గలీబు ఒక్కటే ఆగిపోయింది. అది ఎవరికోసమూ కాదు, ఏ రోజుకీ కాదు.

పట్టుదల కొందరికి పుట్టుకతో వస్తుందనీ, నాకది లేదనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. అసలు లేనిది పట్టుదల కాదు. ఎదురుచూసే మనిషి, అందాల్సిన రోజు. ఆ రెండూ ఉంటే పని దానంతటదే ముందుకి లాగుతుంది.

పావు, అర, ముప్పావు

మూడురోజులు మధ్యాహ్నం పూట షాపులో ఊరికే కూర్చున్నాను. ఆవిడ పని చూశాను. నేను చేసినదాంట్లో ఎన్ని తప్పులున్నాయో అప్పుడు తెలిసింది.

నేను కొలత రాయడానికి చుక్కతో అంకెలు పెట్టాను. పద్నాలుగు చుక్క రెండు అయిదు... ఇలాగ. ఏ టైలరైనా అలా అంటుందా? పద్నాలుగుంపావు అంటుంది. అందుకని పావు, అర, ముప్పావు అని మూడు బొత్తాలు పెట్టాను. చుక్కల గొడవ పోయింది.

నేను పేరుతో వెతకమన్నాను. ఆవిడకి సగంమంది పేర్లే తెలియవు! 'ట్యాంకు వీధి టీచరుగారు', 'పోస్టాఫీసు వదిన', 'కవలపిల్లల తల్లి', ఇలాగే గుర్తు. అందుకని పేరుకి బదులు గుర్తు రాసుకునే గడి పెట్టాను.

అక్షరాలు పెద్దవి చేశాను. చేతికి మిషను నూనె, సుద్ద అంటుకుని ఉంటాయి, చిన్న బొత్తాలు నొక్కడం కుదరదు.

ఇక బిల్లు, మెసేజీలు, డిజైన్ల బొమ్మలు, రంగులు అన్నీ తీసేశాను. నాలుగునెలల పని అది! తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మిగిలినవి మూడే పేజీలు: మనిషి గుర్తు, పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక, చేతులు, మెడల కొలతలు, ఇవ్వాల్సిన తేదీ.

రోజూ పిల్లలు వెళ్లాక పదినుంచి పదిముప్పావు వరకు కూర్చునేదాన్ని. ఎంత బుద్ధి పుట్టినా అంతకుమించి కాదు. ఎందుకంటే బుద్ధి పుట్టినరోజు ఐదుగంటలు చేసి, తర్వాత ఐదువారాలు ముట్టకపోవడమే నా పాత అలవాటు. ఆపేముందు, రేపు మొదట చెయ్యాల్సినది కాగితం మీద ఒక్క వాక్యం రాసి లాప్‌టాప్‌లో పెట్టి మూసేసేదాన్ని. మర్నాడు 'ఎక్కడున్నానబ్బా?' అని వెతుక్కునే పని లేదు.

మూడోవారం చివర ఆవిడ ఫోన్లో ఎక్కించాను. కార్తీకమాసం. మొదటిరోజే ఓ బొత్తం పనిచెయ్యలేదు. నేను సిగ్గుపడితే ఆవిడ నవ్వింది. 'మొదటి కుట్టు ఎప్పుడూ కచ్చాకుట్టే కదమ్మా. వేసి చూస్తేనేగా ఎక్కడ పట్టిందో తెలిసేది' అంది.

పెద్దవాళ్లూ ఇలాగే చేశారని తర్వాత చదివాను. ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు 1991 ఆగస్టు 25న, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నాననీ, ఇది సరదాకి చేస్తున్నదేననీ, మీకేం కావాలో చెప్పండనీ నలుగురికీ రాశాడు. సెప్టెంబరులోనే మొదటి ముక్క బయటపెట్టాడు. దాంతో అప్పటికి అయ్యే పని కొంచెమే. దానిపేరే లినక్స్. ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది అదే! అన్నీ అయ్యాక చూపిద్దామని ఆయన దాచుకుని కూర్చుంటే ఏమయ్యేదో!

ఆఖరి పదిశాతం

ఇక్కడితో కథ అయిపోతే బావుండేది. అవలేదు. ఓరోజు ఆవిడ, 'మరి ఈ ఫోను గోదాట్లో పడితే?' అంది. నిజమే! తడిసిన పుస్తకం బదులు తడిసిన ఫోను, తేడా ఏముంది? కొలతలన్నీ ఇంకోచోట దాచి, కొత్త ఫోన్లోకి తెచ్చుకునే ఏర్పాటు చెయ్యాల్సి వచ్చింది. దానికే ఇంకో మూడువారాలు. కానీ ఇది రంగుల్లాంటిది కాదు, అసలు అవసరం. ఆది చెప్పిన మార్పు.

ఇంతలో ఆవిడకి తెలిసిన టైలర్లు నలుగురు తమకీ కావాలన్నారు. ఒక్కొక్కరి ఫోన్లో నేనే వెళ్లి ఎక్కిస్తే, తెలియనిచోటునుంచి వచ్చిందంటూ ఫోను హెచ్చరికలు చూపించి వాళ్లని భయపెట్టేది. పద్ధతిగా ప్లే స్టోర్‌లో పెట్టాల్సిందే.

పెట్టడమే కదా, ఒక పూట పని అనుకున్నాను. ఖాతాకి ఒకేసారి 25 డాలర్లు, మన డబ్బుల్లో రెండువేల పైచిలుకు, కట్టాలి. ఐదువందల పన్నెండు చుక్కల నలుచదరపు బొమ్మ గుర్తుగా కావాలి. తెరల ఫొటోలు కావాలి. ఎవరి వివరాలు ఎక్కడ దాస్తున్నామో, ఎవరికైనా ఇస్తున్నామో ఫారాలు నింపాలి. వివరాల గోప్యత గురించి ఓ పేజీ రాసి పెట్టాలి. యాప్‌కి వేసే ముద్రలాంటి తాళంచెవి ఫైలు భద్రంగా దాచుకోవాలి. వీటిలో ఒక్కటీ కష్టం కాదు. ఒక్కటీ సరదాగా ఉండదు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. మళ్లీ ఆ పాత నీరసం తలెత్తింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఓ నానుడి ఉంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ అన్నదిగా 1985నుంచి ప్రచారంలో ఉంది. పనిలో మొదటి తొంభైశాతానికి తొంభైశాతం సమయం పడుతుందట. మిగిలిన పదిశాతానికి ఇంకో తొంభైశాతం పడుతుందట! లెక్క తప్పనుకుంటున్నారా? ఇల్లు కట్టించినవాళ్లని అడగండి. శ్లాబు పడేవరకు చకచకా అవుతుంది. తలుపులు, గడియలు, రంగుల దగ్గర ఏడాది పడుతుంది.

అంతెందుకు, స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు డొనాల్డ్ క్నూత్ అంతటి మహానుభావుడు, తన పుస్తకం అచ్చు బాగాలేదని 1977లో అచ్చుకూర్పు కోసం సొంతంగా ఓ ప్రోగ్రాము తలపెట్టారు. 1978లో వచ్చే సెలవు ఏడాదిలో ముగించేద్దామనుకున్నారు. ఆ 'టెక్' ఓ కొలిక్కి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఇప్పటికీ ప్రపంచమంతా లెక్కల పుస్తకాలు దాంతో కూరుస్తున్నారు. ఆలస్యమైతే మనం పనికిరానివాళ్లం అయినట్టు కాదన్నమాట.

నేనూ ఓ గడువు పెట్టుకున్నాను. నా గడువు కాదు, వాళ్లది. ఆషాఢంలో చీరలు కొంటారు, శ్రావణమాసంలో పెళ్లిళ్లు, వ్రతాలు, నోములు. టైలర్లకి ఊపిరాడని నెల అదే. 2025 జూలై 25న శ్రావణం మొదలు. అప్పటికి చేతిలో ఉండాలి. ఫారాలన్నీ కాగితం మీద వరసగా రాసుకుని రోజుకొక్కటి చొప్పున కొట్టేస్తూ వచ్చాను.

పన్నెండుమంది కావలెను

అప్పుడు తగిలింది అసలు మెలిక. సొంత పేరుమీద కొత్తగా ఖాతా తెరిచినవాళ్లు, అంటే 2023 నవంబరు 13 తర్వాత తెరిచినవాళ్లు, యాప్ అందరికీ విడుదల చేసేముందు కొంతమంది చేత వాడించి చూపించాలి. మొదట ఇరవైమంది అన్నారు. 2024 డిసెంబరులో పన్నెండుకి తగ్గించారు. ఆ పన్నెండుమందీ తమ ఇష్టంతో చేరి, వరసగా పద్నాలుగు రోజులు తప్పుకోకుండా ఉండాలి.

గృహప్రవేశంలో పొగిడినవాళ్లు ముప్ఫైమంది ఉన్నారు. ఫోన్లు చేస్తే 'తప్పకుండా' అన్నవాళ్లే గానీ చేరినవాళ్లు ఇద్దరు! చివరికి ఎవరు చేరారో తెలుసా? టైలరక్క, ఆవిడ స్నేహితురాళ్లు నలుగురు, కాకినాడ వదిన, మా పిన్ని, డాలస్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి, ఆ పొగిడినవాళ్లలో ఇద్దరు, ఇంకా మా అత్తయ్య. డెబ్భైరెండేళ్లు ఆవిడకి. 'నాకేం తెలుసే' అంటూనే మా ఇంటిల్లిపాదికీ కొలతలు తీసి ఎక్కించారు!

సరిగ్గా పన్నెండు. జూన్‌లో మొదలుపెట్టాం. తొమ్మిదోరోజున ఒకరు ఫోన్లో చోటు లేదని యాప్ తీసేసి, పరీక్షనుంచి తప్పుకున్నారు. పన్నెండు పదకొండయింది. మళ్లీ ఒకటో రోజునుంచి లెక్క! తప్పు నాదే, ముగ్గురు నలుగుర్ని ఎక్కువ చేర్చుకోవలసింది.

ఆ రాత్రి నిజంగా మానేద్దామనిపించింది. 'నలభై దాటాక ఈ గోలేమిటి నాకు?' అన్నాను. మా అమ్మాయి ఏం మాట్లాడలేదు. తన ఫోన్లో ఓ ఫొటో తీసి నా ముందు పెట్టింది. తెల్లజుట్టు, నవ్వుముఖం, చేతిలో ఫోను పట్టుకున్న జపాన్ బామ్మగారు.

ఎనభయ్యొకటో ఏట బొమ్మల కొలువు

ఆవిడ పేరు మసాకో వకమియా. 1935లో పుట్టారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. అరవై దగ్గరపడుతుండగా, తల్లిని చూసుకుంటూ ఇంటిపట్టున ఉండాల్సి వచ్చి కంప్యూటరు కొనుక్కున్నారు. ఫోన్లో ఉన్న ఆటలన్నీ వేళ్లు చకచకా కదిలే కుర్రాళ్లవే, ముసలివాళ్లు గెలిచేది ఒక్కటీ లేదే అనిపించింది. చేసిపెట్టమని తెలిసినవాళ్లని అడిగితే, మీరే చెయ్యండి అన్నారట. సరే, నేర్చుకుని చేశారు. 2017లో విడుదలయ్యేనాటికి ఆవిడకి 81 ఏళ్లు!

ఆ ఆట ఏమిటనుకున్నారు? జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల పండుగ. మెట్లమీద బొమ్మలు పేరుస్తారు. అచ్చం మన బొమ్మల కొలువే! రాజు, రాణి, పరిచారికలు, వాద్యగాళ్లు, మొత్తం పన్నెండు బొమ్మల్ని వాటి వాటి మెట్లమీద సరిగ్గా పెట్టడమే ఆట. 'హినదాన్' అని పేరు. తొందరేం లేదు, తెలిసినవాళ్లదే గెలుపు. ఆ ఏడాదే యాపిల్ సంస్థ తన ప్రోగ్రామర్ల సభకి ఆవిడని అమెరికా పిలిపించింది.

'చూశావా అమ్మా, ఆవిడా మెసేజీలు, బిల్లులు ఏమీ పెట్టలేదు. ఒక్క ఆటే' అంది మా అమ్మాయి. నేను నవ్వేశాను. మర్నాడు ఇంకో నలుగుర్ని చేర్చి పదిహేనుమందిని చేశాను.

ఆ పద్నాలుగు రోజులూ గమ్మత్తుగా గడిచాయి. రోజుకొకరు ఫోను. 'వెనక మెడ లోతు రాసేచోటు కిందికి పోయిందమ్మా', 'తేదీ నొక్కితే పోయిన నెల వస్తోంది'. ఒకప్పుడైతే తప్పులు పట్టారని ముఖం మాడ్చుకునేదాన్ని. ఇప్పుడు ఆ ఫోను రాకపోతే దిగులు! ఎవరో వాడుతున్నారు, ఎవరికో కావాలి అన్నది రోజూ చెవిన పడుతుంటే లాప్‌టాప్ తెరవడానికి వేరే ప్రోత్సాహం ఎందుకు?

శ్రావణం ఇంకా నాలుగు రోజులుందనగా యాప్ ప్లే స్టోర్‌లో కనిపించింది. నేను స్వీట్లు పట్టుకుని షాపుకి పరిగెత్తాను. టైలరక్క ఎవరికో కొలతలు తీస్తోంది. టేపు మెడలో వేసుకుని, 'ఛాతీ ముప్ఫైనాలుగుంపావు' అంటూ ఫోన్లో పావు బొత్తం నొక్కింది. నన్ను చూసి, 'ఉండు చెల్లెమ్మా, ఈవిడ వెళ్లాక మాట్లాడదాం' అంది. నాకు కళ్లు చెమర్చాయి. నేను చేసినది ఆవిడకి వింత వస్తువు కాదు, కత్తెరలాగా, టేపులాగా అయిపోయింది!

రూపాయి వచ్చిందా అని అడుగుతారేమో. రాలేదు. ఉచితంగానే పెట్టాను. కానీ ఆ శ్రావణంలో ఆవిడ పుస్తకం తెరవలేదు, ఎవరిచేతా మాట పడలేదు.

మీరూ ఏదైనా సగంలో ఆపారా?

* ముందు ఆది వెతుక్కోండి. మీ పని ఒక్క మనిషికి కావాలి. ఆ మనిషికి పేరు, ఊరు ఉండాలి. 'అందరికీ పనికొస్తుంది' అనుకున్నది ఎవరికీ అందదు.

* పదిమందిలో చెప్పుకోకండి. ఆ ఒక్కరికే చెప్పండి. పదిమంది మెచ్చుకుంటారు, ఆ ఒక్కరే 'ఏమైంది?' అని అడుగుతారు.

* గడువు మీ డైరీలోది కాకుండా, వాళ్ల అవసరంలోనుంచి తీసుకోండి. బారసాలకి స్వెట్టరు, శ్రావణానికి జాకెట్టు.

* ఏం చేర్చాలా అని కాదు, ఏం తీసేస్తే వచ్చేవారం చేతికివ్వగలను అని ఆలోచించండి.

* రోజూ కొంచెమే చెయ్యండి. లేచేముందు రేపటి మొదటి పని ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి.

* ఆఖరి పదిశాతానికి విడిగా టైము ఉంచుకోండి. అక్కడ నీరసం వస్తే మీలో లోపం ఉందనుకోకండి, అందరికీ వచ్చేదే.

* సహాయం అడిగేటప్పుడు కావలసినదానికంటే ఇద్దరు ముగ్గుర్ని ఎక్కువ అడగండి. ఒకరు తప్పకుండా జారుకుంటారు!

అన్నట్టు, నా కంప్యూటర్ పెట్టెలో మిగిలిన ఏడూ ఏమయ్యాయంటారా? ఒక్కొక్కటి తెరిచి, 'ఇది ఎవరికోసం?' అని అడిగాను. ఐదింటికి జవాబు లేదు. చెరిపేశాను. గుండె తేలికైంది, అదీ ఓ రకంగా పూర్తిచెయ్యడమే. ఎక్కాలది మా పనమ్మాయి కొడుక్కి పనికొస్తుంది, మూడో తరగతి వాడు. పచ్చళ్లది మా వదిన అడుగుతోంది. ముందు ఎక్కాలది. వాడికి దసరా సెలవుల్లోగా ఇస్తానని మాటిచ్చాను. ఈ సంగతి వాడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, ఇదిగో, మీకు తప్ప!